ఎమ్-స్ట్రైప్స్ సమీక్ష: యాప్ బాగుంది, శాఖ పనితీరు మారిందా?

టైగర్ రిజర్వుల్లో గస్తీ లెక్కలు నమోదు చేసే ఎమ్-స్ట్రైప్స్ గురించి మాట వస్తే ఎవరైనా మొదట అడిగేది ‘యాప్ ఎలా ఉంది?’ అనే. బాగానే ఉంది. సిగ్నల్ లేని లోయలో కూడా పనిచేస్తుంది, నడిచిన దారిని దానంతటదే గీస్తుంది, చూసినదాన్ని ఫొటోతో సహా ఆ చోటికే ముడివేస్తుంది. ఇంతకంటే ముఖ్యంగా చూడాల్సింది ఇంకొకటి ఉంది. బీట్ పుస్తకం, రేంజ్ రిజిస్టర్, నెలవారీ డైరీ మీద దశాబ్దాలుగా నడిచిన అటవీ శాఖ (ఒక ఆఫీసర్ చూసుకునే అడవి ముక్క బీట్, కొన్ని బీట్లు కలిస్తే సెక్షన్, కొన్ని సెక్షన్లు కలిస్తే రేంజ్), ఈ పనిముట్టు చేతికొచ్చాక నిర్ణయాలు తీసుకునే తీరు మార్చుకుందా? అందుకే ఈ సమీక్షలో ఫోన్ కంటే రేంజ్ ఆఫీసుకు ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ఇది ఎందుకు పుట్టిందో గుర్తుంచుకుంటే మిగతాది సులువుగా అర్థమవుతుంది. రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులీ మిగల్లేదన్న సంగతి 2004-05లో బయటపడింది. అప్పటిదాకా కాగితాల్లో పులులు ఉన్నాయి. 2005లో టైగర్ టాస్క్‌ఫోర్స్ వేశారు, 2006లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థకు, అంటే ఎన్‌టీసీఏకు, చట్టబద్ధత ఇచ్చారు. పాదముద్రల అచ్చులు తీసి పులులను లెక్కించే పాత పద్ధతిని పక్కనపెట్టి కెమెరా ట్రాప్‌లు (జంతువు ఎదుట పడగానే దానంతటదే ఫొటో తీసే కెమెరాలు), నమూనా సర్వేలు తెచ్చారు. 2009 నాటికి మధ్యప్రదేశ్‌లోని పన్నా కూడా ఖాళీ అయింది. ఆ మరుసటి ఏడు, 2010లో, ఎన్‌టీసీఏ, డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి, లండన్ జువలాజికల్ సొసైటీ సహకారంతో ఎమ్-స్ట్రైప్స్ తెచ్చాయి. గస్తీ నిజంగా జరిగిందా, ఎక్కడ జరిగింది, ఏం కనిపించింది అన్నవాటికి చేతిరాతను మించిన రుజువు కావాలన్నది దాని ఉద్దేశం.

ఇందులో రెండు భాగాలున్నాయి. ఒకటి ఫోన్‌లో ఉండేది: రోజువారీ గస్తీకి ఒకటి, జంతువులు, వృక్షజాలం లెక్కలకు ఒకటి, మనిషి-వన్యప్రాణి ఘర్షణకు ఒకటి. రెండోది ఆఫీసు కంప్యూటర్‌లో ఉండేది: ఫోన్ల నుంచి వచ్చిన సమాచారాన్ని మ్యాపులుగా, పట్టికలుగా మార్చేది. రిజర్వులు లైసెన్సు కొనుక్కోవాల్సిన పని లేదు. ఖర్చంతా ఫోన్లకు, పవర్ బ్యాంకులకు, శిక్షణకు, కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి. బడ్జెట్ వేసేటప్పుడు చాలాచోట్ల ఆ చివరి పద్దునే మర్చిపోతారు.

అడవిలో వాడకం ఇలా ఉంటుంది. బేస్ క్యాంపు దగ్గర గస్తీ మొదలుపెట్టి, కాలినడకా, బైకా, జీపా అన్నది ఎంచుకుంటారు. అక్కడి నుంచి ట్రాక్ నమోదవుతూ ఉంటుంది. దారిలో కణితి (సాంబార్ జింక) కనిపించినా, చిరుత పెంటిక దొరికినా, ఉచ్చు, నరికిన మొద్దు, మంట, ఎండిన కుంట కనిపించినా ఆగి ఆ రకం నొక్కి, సంఖ్య వేసి, ఫొటో తీయాలి. ఒక్కో నమోదుకు నిమిషం, నిమిషంన్నర పడుతుంది. వెనక్కి వచ్చాక గస్తీ ముగించాలి. నెట్‌వర్క్ అందినప్పుడు పంపాలి.

చిక్కులు ఎక్కువగా ఫోన్ సెట్టింగుల్లోనే వస్తాయి, కానీ నింద యాప్ మీద పడుతుంది. మ్యాప్ మీద ట్రాక్ వంకరటింకరగా పోతూ పోతూ ఒక్కసారిగా మూడు కిలోమీటర్లు గీత కొట్టినట్టు తిన్నగా పోయిందంటే, ఆ మధ్యలో ఫోనే యాప్‌ను నిద్రపుచ్చిందని అర్థం. బ్యాటరీ ఆదా సెట్టింగులో ఈ యాప్‌ను మినహాయింపు జాబితాలో పెట్టాలి, లొకేషన్ అనుమతి ‘ఎల్లప్పుడూ’ అని ఇవ్వాలి. ఒకేచోట గీతలు నక్షత్రంలా చిమ్మినట్టు కనిపిస్తే, లోతైన లోయలో, రాతి గోడల పక్కన ఉపగ్రహ సంకేతం తగిలి తిరిగొచ్చిందన్నమాట. అలాంటి ట్రాక్‌ను యథాతథంగా కూడితే ఆ రోజు కిలోమీటర్లు ఉత్తినే పెరుగుతాయి. బయల్దేరే ముందు ఆకాశం కనిపించే చోట రెండు మూడు నిమిషాలు నిలబడితే మొదటి పాయింటు సరిగ్గా పడుతుంది. జీపీఎస్‌కు మొబైల్ నెట్‌వర్క్ అక్కర్లేదు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచితే చార్జింగ్ చాలాసేపు నిలుస్తుంది. రాత్రి బసతో కూడిన గస్తీకి 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకటి తప్పనిసరి.

గస్తీ ముగించడం మర్చిపోవడం ఇంకో మామూలు తప్పు. బీట్ ఆఫీసర్ బైకు మీద ఊరికి వెళ్లిన దారంతా కాలినడక కింద పడిపోతుంది. దాన్ని పట్టుకోవడం తేలిక: మనిషి అడవిలో గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించి నడవడు. ట్రాక్‌లో ఎక్కడైనా గంటకు 25 కిలోమీటర్ల వేగం కనిపిస్తే అది బండి. ఆ ముక్క కత్తిరించి మిగతాది ఉంచుకోవాలి. మనిషిని మందలించడానికి ముందు ఈ పరీక్ష చేయడం న్యాయం.

అక్షాంశ రేఖాంశాలను చేత్తో ఎక్కించే చోట మరీ జాగ్రత్త. కెమెరా ట్రాప్ పెట్టిన చోటును ఒకరు 16 డిగ్రీల 30 నిమిషాలు అని కాగితం మీద రాస్తారు, ఇంకొకరు కంప్యూటర్‌లో 16.30 అని కొడతారు. దశాంశాల్లో 16.30 అంటే 16 డిగ్రీల 18 నిమిషాలే. తేడా 0.2 డిగ్రీ, నేల మీద సుమారు 22 కిలోమీటర్లు. కెమెరా ఒక రేంజ్‌లో ఉంటే పులి పక్క రేంజ్‌లో నమోదవుతుంది. రిజర్వు అంతటా దశాంశ డిగ్రీలే, డబ్ల్యూజీఎస్ 84 డేటమే (జీపీఎస్ చోట్లను కొలవడానికి వాడే ప్రమాణం) అని ఒకే నియమం పెట్టి, ప్రతి క్యాంపులో గోడకు అంటించాలి.

జంతువుల పేర్ల దగ్గరా ఇలాంటి గోలే. ‘కొండగొర్రె’ అంటే కొందరికి నాలుగు కొమ్ముల చౌసింగా, కొందరు మొరిగే జింకను కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. ‘దుప్పి’ అంటే కొందరికి చుక్కల దుప్పి, కొందరికి కణితి. శిక్షణలో బొమ్మలు చూపించి, స్థానికంగా పిలిచే పేరుకు ఎదురుగా యాప్‌లోని పేరు ఉన్న ఒక్క పేజీ పట్టిక ఇస్తే చాలు. ఈ ఒక్క పేజీ లేకపోవడం వల్ల ఏడాది సమాచారం పాడవుతుంది, పైగా ఆ తప్పు ఎప్పటికీ బయటపడదు.

నాలుగేళ్లకోసారి జరిగే అఖిల భారత పులుల గణనలో మాత్రం ఈ పనిముట్టు విలువ గురించి రెండో మాట లేదు. బీట్‌లో మాంసాహార జంతువుల ఆనవాళ్లకు 15 కిలోమీటర్ల నడక, ఐదేసి కిలోమీటర్ల చొప్పున మూడు దారుల్లో. శాకాహారులకు కనీసం రెండు కిలోమీటర్ల తిన్నని గీత, మూడు ఉదయాలు. ఆ గీత వెంట ప్రతి 400 మీటర్లకు ఒక ప్లాటు, 15 మీటర్ల వ్యాసార్ధంలో చెట్ల లెక్క. కాగితాల రోజుల్లో ఈ ఫారాలు క్యాంపులో కూర్చుని నింపే వీలుండేది. తేదీ, సమయం, చోటు ఫోనే వేస్తున్నప్పుడు ఆ వీలు తగ్గింది. 2018 గణనలో ఇది దేశమంతటా వాడకంలోకి వచ్చింది: కాలినడక సర్వే 5,22,996 కిలోమీటర్లు, కెమెరాలు పెట్టిన చోట్లు 26,838, ఫొటోలు దాదాపు 3.48 కోట్లు. 2022లో నడక 6,41,449 కిలోమీటర్లకు, కెమెరా చోట్లు 32,588కి, ఫొటోలు 4.7 కోట్లకు పెరిగాయి. ఇంత సమాచారాన్ని కాగితం మీద మోయడం ఏ శాఖ వల్లా కాదు.

గణన ముగిశాక, మిగిలిన మూడేళ్ల రోజువారీ గస్తీ సంగతి వేరు. అక్కడే శాఖ మారిందా లేదా తెలుస్తుంది.

మార్పు చెడిపోయే మొదటి చోటు రెండు రాతలు. యాప్ వచ్చింది, రిజిస్టర్ పోలేదు. నడిచొచ్చిన మనిషి ఫోన్‌లో నమోదు చేసి, మళ్లీ అదే బీట్ పుస్తకంలో రాయాలి. రెండు నెలల్లో ఆయనకు ఒకటి అర్థమవుతుంది: పై ఆఫీసర్ చూసేది పుస్తకమే. ఇక ఫోన్ క్యాంపులో ఉండిపోతుంది. ఒక రేంజ్‌లో మూడు నెలలు రెండూ నడిపి, ఏ తేదీన రిజిస్టర్ ఆపేస్తారో రాతపూర్వక ఉత్తర్వులో ముందే చెప్పడం ఉత్తమం. నేరం కేసులది వేరే దారి. పీఓఆర్ (ప్రాథమిక నేర నివేదిక), పంచనామా, స్వాధీన పత్రం కాగితం మీదే ఉండాలి. యాప్ ఫొటో, చోటు ఆ కేసుకు బలం ఇస్తాయి గానీ ఆ పత్రాలకు బదులు కావు. ఈ తేడా శిక్షణలో చెప్పకపోతే కేసు కోర్టులో నిలవదు.

రెండో చోటు కిలోమీటర్ల టార్గెట్. ‘నెలకు ఇన్ని కిలోమీటర్లు’ అని ఉత్తర్వు ఇచ్చిన మరుసటి నెల నుంచే మ్యాప్ మీద జీపు దారులు, ఫైర్ లైన్లు (మంట పాకకుండా శుభ్రం చేసి ఉంచే బాటలు) గీతలతో నల్లబడతాయి. కిలోమీటర్లు అక్కడే తేలిగ్గా వస్తాయి మరి. ఉచ్చులు వేసేవాడు వాగు పాయలో, నీటి గుంట దారిలో వేస్తాడు. ఒక లెక్క చూడండి. 20 చదరపు కిలోమీటర్ల బీట్ అనుకుందాం. దట్టమైన పొదల్లో నడిచే మనిషికి రెండు పక్కలా కలిపి 30 మీటర్ల దాకా కనిపిస్తుందనుకుంటే, 10 కిలోమీటర్ల నడకలో కంటికి ఆనేది 0.3 చదరపు కిలోమీటరు. అంటే బీట్‌లో ఒకటిన్నర శాతం. ఎంత నడిచారన్న అంకె కంటే ఎక్కడెక్కడ నడిచారన్నది ఎందుకు ముఖ్యమో దీంతో తెలుస్తుంది. బీట్‌ను కిలోమీటరు గళ్లుగా విడగొట్టి, నెలలో ఏ గడిలో ఎన్నిసార్లు అడుగు పడిందో చూపించే మ్యాపును సమీక్షకు పెట్టాలి. కిలోమీటర్ల మొత్తం చివరి పేజీలో ఉంటే చాలు.

మూడోది అన్నిటికంటే హాని చేసేది. ఉచ్చులు ఎక్కువ దొరికిన బీట్ ఆఫీసర్‌కు మెమో రావడం. జనవరిలో 100 కిలోమీటర్ల గస్తీలో 4 ఉచ్చులు, ఫిబ్రవరిలో 400 కిలోమీటర్లలో 10 దొరికాయనుకోండి. అంకె పెరిగింది కాబట్టి వేట పెరిగిందని పట్టిక చదివేవారు అనేస్తారు. వంద కిలోమీటర్లకు చూస్తే 4 నుంచి 2.5కి తగ్గింది. దొరికినందుకు శిక్ష పడుతుందని ఒక్కసారి తెలిస్తే, ఆ తర్వాత ఎవరూ ఉచ్చును నమోదు చేయరు, పీకి పారేసి ఊరుకుంటారు. అప్పుడు మ్యాప్ శుభ్రంగా కనిపిస్తుంది, అడవిలో కణుతులు చస్తూనే ఉంటాయి. సరిస్కా కాగితాలూ అలా శుభ్రంగా ఉన్నవే. డీఎఫ్‌ఓ (డివిజన్ లేదా జిల్లా అటవీ అధికారి) స్థాయిలో ‘నమోదు చేసిన ఉచ్చుకు మెమో ఉండదు’ అని ఒక్క వాక్యం రాతలో ఇస్తే, ఏ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయలేని మేలు జరుగుతుంది. అలాగే ఏమీ దొరకని గస్తీ కూడా నమోదు కావాలి. ఆ సున్నాలు లేకపోతే భాగహారమే తప్పుతుంది.

నెలవారీ సమావేశం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పనిముట్టు ప్రాణం అక్కడే ఉంది. రేంజ్‌కు ఒక ఏ-3 కాగితం మీద మ్యాప్. బీట్ హద్దులు, వాగులు, బేస్ క్యాంపులు సన్నగా. నెలలో మూడుసార్లు, అంతకంటే ఎక్కువ వెళ్లిన గడులు ముదురు ఆకుపచ్చ, ఒకటి రెండుసార్లు వెళ్లినవి లేత ఆకుపచ్చ, అసలు వెళ్లనివి తెలుపు. ఉచ్చులు, నరికిన చెట్లు ఎర్ర చుక్కలు. పెద్దపులి, చిరుత ఆనవాళ్లు ఈ మ్యాపులో వేయకూడదు, కారణం కింద చెబుతాం. ఈ కాగితం ముందు పెట్టుకుని అడగాల్సినవి మూడే: తెల్ల గడులు ఎందుకు తెల్లగా ఉన్నాయి? ఎర్ర చుక్కలు ఏ గుంట చుట్టూ, ఏ ఊరి వైపు గుమిగూడాయి? వచ్చే నెల ఎవరు ఎక్కడికి వెళ్తారు? మొదటి ప్రశ్నకు జవాబుల్లోనే శాఖ అసలు అవసరాలు బయటికొస్తాయి. వాగు పొంగింది. క్యాంపు 14 కిలోమీటర్ల దూరం. ఆ బీట్ ఖాళీగా ఉంది, పక్క బీట్ ఆఫీసర్‌కు అదనపు బాధ్యత ఇచ్చారు. వీటికి యాప్ దగ్గర మందు లేదు, సమావేశం దగ్గర ఉంది. జవాబులను బీట్ పేరు, తేదీతో రాసి వచ్చే నెల మొదట అవే చదవాలి. నలభై నిమిషాలు చాలు. సెక్షన్ ఆఫీసర్ తన సెక్షన్ ట్రాకులను వారానికోసారి తానే తెరిచి చూస్తే, నెలాఖరుకు ఆశ్చర్యపోవాల్సినవి మిగలవు.

ఆ మ్యాపు నకలు ఒకటి తిరిగి బేస్ క్యాంపు గోడ మీదికి రావాలి. నల్లమలలో గస్తీ నడకలో పెద్ద భాగం చెంచు ట్రాకర్లది, ప్రొటెక్షన్ వాచర్లది. లాగిన్ మాత్రం తరచుగా బీట్ ఆఫీసర్ పేరు మీదే ఉంటుంది. నడిచేది ఒకరు, లెక్క ఇంకొకరిది. ప్రతి గస్తీ నమోదులో వెంట వెళ్లినవారి పేర్లు కూడా ఉండేలా చూడాలి. వాళ్ల జీతం నెలలు ఆలస్యమైతే ముందు తగ్గేది ఈ మ్యాపు మీద ఆకుపచ్చే, కాబట్టి జీతం చెల్లించిన తేదీని కూడా అదే సమావేశంలో అడగడం సబబు. మూడు రాళ్ల మధ్య తొక్కిన గడ్డి చూసి ఏ పూట ఏ జంతువు పోయిందో చెప్పగలవాళ్లు వీళ్లు. ఆ జ్ఞానానికి ఫారంలో గడి లేదు. వ్యాఖ్య రాసే చోట తెలుగులోనే రాయించండి. ఎమ్-స్ట్రైప్స్‌లో మాకు కనిపించే పెద్ద లోటు కూడా ఇదే: ఫారాలు దేశమంతటికీ ఒకటే అచ్చు కావడం.

అచ్చు ఒకటే కావడంలో మేలూ ఉంది. తెలంగాణలోని కవ్వాల్ రిజర్వు అంకెను మహారాష్ట్రలోని తడోబా అంకెతో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. చాలా దేశాల్లో వాడే స్మార్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫారాలు మనకు కావాల్సినట్టు మార్చుకోవచ్చు, స్థానిక పేర్లు, భాష పెట్టుకోవచ్చు. కానీ దాన్ని అమర్చి నడిపే తెలిసిన మనిషి ఒకరు శాశ్వతంగా ఉండాలి. టైగర్ రిజర్వు అయితే ఎమ్-స్ట్రైప్స్‌కే కట్టుబడి ఉండటం మంచిది. ఏది వాడినా డివిజన్‌లో కంప్యూటర్ పని ఇద్దరికి నేర్పాలి. ఒక్క ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్ మీద ఆధారపడి, ఆయన మానేసిన రోజు నుంచి ఫోన్లలో సమాచారం పేరుకుపోవడం చాలా మామూలు సంగతి.

తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి: హద్దులు మారడం. 2014 జూన్ 2న రాష్ట్ర విభజనతో నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వు కృష్ణకు అటూ ఇటూ రెండైంది. ఉత్తరాన ఉన్నది అమ్రాబాద్. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలను 10 నుంచి 31 చేసినప్పుడు అటవీ శాఖ హద్దులు కూడా మళ్లీ గీశారు. ఒకప్పుడు ఒక్క ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న కవ్వాల్ ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. ఇలా హద్దులు మారినప్పుడు సాఫ్ట్‌వేర్‌లో పాత బీట్ మ్యాపు ఫైలే ఉండిపోతే, కొత్త బీట్ ఆఫీసర్ నడక పాత బీట్ ఖాతాలో పడుతుంది. ఏడాది చివర పోలిక చూస్తే ఒక బీట్‌లో గస్తీ సగానికి పడిపోయినట్టు, పక్కదానిలో రెట్టింపు అయినట్టు కనిపిస్తుంది. మందు ఇది: సమాచారాన్ని బీట్ పేరుతో కాకుండా అక్షాంశ రేఖాంశాలతో భద్రపరచాలి. కొత్త హద్దుల ఫైలు పెట్టి పాత సంవత్సరాల ట్రాకులను కూడా ఆ హద్దులతో మళ్లీ లెక్కించాలి. పాత ఫైలును తీసేయకుండా అమల్లో ఉన్న తేదీలతో పేరు పెట్టి దాచాలి. కిలోమీటరు గళ్లు మాత్రం ఎప్పటికీ మార్చకూడదు. బీట్ మారినా గడి మారకపోతే పదేళ్ల పోలిక చెడదు. కృష్ణ ఒడ్డున ఉన్న తెల్ల గడుల జాబితాను రెండు రాష్ట్రాల డివిజన్లు నెలకోసారి ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఇదే పద్ధతితో తేలికవుతుంది.

ఇక పైన వాయిదా వేసిన మాట. పులి ఆనవాళ్ల చోట్లు, కెమెరాలున్న చోట్లు, గస్తీ సమయాలు వేటగాడికి బంగారం. ఫోన్‌తో తీసిన ఫొటోలోనే చోటు దాగి ఉంటుంది. దాన్ని ఫైలుగా వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ చోటు కూడా వెంట పోతుంది. గ్రూపుల్లో ట్రాకులు, పులి ఫొటోలు పెట్టడం నిషేధించాలి. గోడ మీది మ్యాపులో ఉచ్చులు, గస్తీ గడులు మాత్రమే ఉండాలి, అదీ సందర్శకులు రాని క్యాంపుల్లోనే. బదిలీ అయిన, మానేసిన మనిషి లాగిన్ ఆ రోజే తీసేయాలి, ఫోన్ అప్పగించేటప్పుడు అందులోని సమాచారం పంపించి, ఖాళీ చేసి, చార్జి జాబితాలో సంతకం తీసుకోవాలి.